పుట్టింటి గడప ముందు తులసి

ఆఁ, బస్సు దగ్గరే కదూ ఆగేం? పక్క సీటు పెద్దాయన తల తులసి భుజం మీద వాలిపోయింది, ఈవిడ ఉలిక్కిపడి లేచింది, మెడ మీద చూస్తే రెండు చుక్కలు. అదిగో, అక్కడ. అబ్బో, ఆ తరవాత ఎంతమంది అడిగేరో నన్ను! కూరగాయల బండి దగ్గర ఒకావిడైతే నా సంచీ పట్టుకుని మరీ ఆపేసింది. "టీచర్ గారూ, ఆ పిల్ల బతికిందా లేదా, అది చెప్పి కదలండి" అని. బతికిందమ్మా, బతికింది. బతకడమేవిటి, ఇహ చావదు కూడాను. అదే కదా ఇప్పుడు వచ్చిన తంటా.

ఆ ముందు కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తులసి నా దగ్గర ఏడో తరగతి చదువుకుంది. శ్రీకూర్మం దాటి వెళ్తే సముద్రం ఒడ్డున చేపలోళ్ళ పేట ఉంది చూడండి, అక్కడి పిల్ల. మేనమామ కొడుకు వెంకీని చేసుకుని శ్రీకాకుళం టౌన్లో కాపరం పెట్టింది. వెంకీకి ఆటో, తులసికి చేపల గంప. వైశాఖంలో విజయనగరం పెళ్ళికని వెళ్ళి ఒక్కతీ తిరిగొస్తోంటే, బస్సులో పక్కన కూచున్న నెల్లిమర్ల పెద్దాయన నిద్రమత్తులో మెడ కొరికేడు. ఆయన రక్తపిశాచి. మాట మరీ మోటుగా ఉంది, మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. లెంపలు వాయించుకున్నాడట! "అమ్మా, ఘోరమైపోయింది, ఇహ నువ్వూ మా జట్టే" అని, ఫోన్ నంబరిచ్చి, జాగర్తలు చెప్పి మరీ దిగేడు. ఎండలో తిరగకూడదు. వెల్లుల్లి తినకూడదు. ఆ ఇంటివాళ్ళు పిలవందే ఎవరి గడపా దాటడానికి వీల్లేదు. ఇవీ జాగర్తలు.

మొదటి వారం ఏడుస్తూ మంచం దిగలేదట తులసి. వెంకీయే లేపేడు. "ఒసే, సేపలు పగలే అమ్మాలని ఎక్కడైనా రాసున్నాదేటే? సందేళ అమ్ముదుం" అన్నాడు. అంతే, మా కాలనీ మలుపులో ఒక రేకు కింద బల్ల వేసేరు. పొద్దు గుంకేసరికి ఆటో వస్తుంది, రెండువేపులా గోనె పరదాలు కట్టుకుని. అందులోంచి ఐసుపెట్టి దిగుతుంది, ఐసుపెట్టి వెనకాల తులసి దిగుతుంది. ఆఫీసుల నుంచి ఇళ్ళకెళ్ళేవాళ్ళందరూ అక్కడే ఆగుతారు. పొద్దున్న మిగిలిపోయిన చేప అంటగడుతుందేమో అని నేను మొదట్లో మొప్పలెత్తి చూసేదాన్ని. "మేడమ్మా, నాను వాసన సూసే తెస్తన్నాను, మీరు కళ్ళజోడెట్టుకుని ఎతకడమెందుకు" అని నవ్వింది. నవ్వితే ఆ కోరపళ్ళు కాస్త కనబడతాయి. ఏం, ముద్దుగానే ఉంటాయి!

తిండి సంగతి అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఆదివారం మేకని కోసినచోట నెత్తురు గిన్నెలోకి పట్టి ఉంచుతారు కదా, మన ఇళ్ళల్లో ఉల్లిపాయా కారం వేసి వేపుకుంటాం. తులసి వేపుకోదు. అంతకన్నా తేడా ఏం లేదు. మరి అద్దంలో కనబడదు కదా, అందుకని బొట్టు వెంకీ పెడతాడు. ఆటో హేండిలు తిప్పే చెయ్యి, ఏ పక్కకి తిరుగుతుందో ఆయనకే తెలీదు. ఒకరోజు బొట్టు కనుబొమ్మ మీద, ఒకరోజు మరీ పైకి. తులసి దిద్దుకోదు. "బావ ఎట్టినాడు, ఉండనీండి" అంటుంది.

గడప సంగతైతే టౌన్లో అసలు ఇబ్బందే లేదు. మన శ్రీకాకుళంలో గుమ్మం దగ్గర మనిషి నిలబడితే పిలవకుండా ఉండేవాళ్ళెవరండీ? "అయ్యో అక్కడే ఉండిపోయేవేటి, లోపలికి రా, మంచినీళ్ళు తాగు" అని చెయ్యి పట్టుకుని లాగేస్తాం. ఆ నెల్లిమర్ల పెద్దాయన ఫోన్లో అన్నాట్ట, ఈ వైపు మనుషుల మూలంగా ఆ నియమం ఉన్నట్టే తెలీదమ్మా అని. నిజమే. మా కాలనీలో తులసి కాలు పెట్టని ఇల్లు లేదు.

కాలు పెట్టలేనిదల్లా ఒక్క ఇంట్లోనే. అది పేటలో వాళ్ళమ్మ ఇల్లు.

జగ్గమ్మని మీరు చూడలేదు. నల్లగా, సన్నగా, గట్టిగా ఉంటుంది, ఎండుచేపల వ్యాపారం. మొగుడు పోయినా, హుద్‌హుద్‌ తుపానుకి ఇంటి రేకులన్నీ ఎగిరిపోయినా, మూలకూచుని ఏడవలేదు. రేకులేరుకొచ్చి మళ్ళీ మేకులు కొట్టించుకుంది. కూతురంటే ప్రాణం, కానీ ఆ ప్రాణాన్ని తిట్లలోనే చూపిస్తుంది. ఆవిడకి ఈ రక్తపిశాచి సంగతేం తెలీదు. తులసి చెప్పలేదు.

అలా అయ్యేక మొదటిసారి తులసి పుట్టింటికి వెళ్ళినప్పటి ముచ్చట వెంకీ చెప్తేనే వినాలి. సందేళ ఆటో దిగేరు. వెంకీ సరాసరి లోపలికి వెళ్ళిపోయేడు. తులసి గడప దాకా వచ్చి ఆగిపోయింది. జగ్గమ్మ లోపల చేపలకి ఉప్పు పట్టిస్తోంది.

"అక్కడే నిలబడిపోనావేటే? కాళ్ళు పాతేసినారేటి?"

"కాళ్ళనిండా ఇసకమ్మా."

జగ్గమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తనే కాళ్ళు కడిగింది. కడిగి లోపలికి వెళ్ళి చూస్తే, ఈవిడ ఇంకా అక్కడే.

"ఇంకేటి?"

"బావకి బేరం ఉన్నాదంట, బేగి ఎల్లిపోవాల."

లోపల పీట మీద హాయిగా కూచున్న వెంకీ గబుక్కున లేచి, "ఆఁ ఆఁ, ఉన్నాదత్తా, పెద్ద బేరం" అన్నాడు.

"ఆ బొట్టేటే, సెవులోకి ఎల్లిపోతన్నాది? అద్దం నేదేటి మీ ఇంట్లో?"

చూడండి, ఇన్ని మాటలన్నాదా, ఒక్కటంటే ఒక్కసారి "రా" అన్నాదా? అనదు. ఎందుకంటుంది? కన్నకూతురు సొంత ఇంటికి వస్తే గడపలో నిలబడి ఆహ్వానం పలికే తల్లి మన వైపు ఎక్కడుందండీ! పిలుపు చుట్టాలకి. ఇంటిపిల్ల గాలిలా వస్తుంది, వచ్చి కుండమీద మూత తీస్తుంది. ఆ సంగతి పిల్లకి తెలుసు. నాకూ తెలుసు. ఆ రూలు పెట్టిన వాడికెవడికో మాత్రం తెలీదు.

రెండోసారి వెళ్ళింది, అదే వరస. మూడోసారి జగ్గమ్మకి ఒళ్ళు మండిపోయింది. "నిన్ను బొట్టెట్టి పిలవాలేటే మహారాణీ?" అంది. తులసికి ఆశ పుట్టి కాలెత్తిందట. ఊహూఁ. గాజుపలక అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది. వెక్కిరింపు పిలుపు కింద చెల్లదు కాబోలు.

ఆ మరసటి రోజు జగ్గమ్మ ఎండుచేపల మూటతో సహా మా ఇంటికే వచ్చేసింది. గుమ్మంలోనే మూట దింపి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ కళ్ళు ఒత్తుకోవడం నేను అప్పుడే చూడడం.

"టీసరమ్మా, నా కూతురు గుంట మారిపోనాది. టవున్లో కాపరం పెట్టినాక నా ఇల్లు దాని కంటికి ఆనడం నేదు. గడపలో నిలబడి మాటాడి ఎల్లిపోతన్నాది, కరెంటు బిల్లు తెచ్చినోడిలాగ. నా ఇల్లు సేపల కంపు కొడతాదనేటి? అది సేపలు అమ్మదేటి?"

సాయంత్రం తులసిని కూచోబెట్టి అడిగేను. "మీ అమ్మకి చెప్పేస్తే ఒక్కమాటతో పోతుంది కదే. రా అంటుంది, వెళ్తావు. ఎందుకు చెప్పవు?"

తులసి ఐసు ముక్క చేత్తో నలిపింది. "ఇప్పుడు పిలవడం నేదంటే తెలీక పిలవడం నేదు మేడమ్మా. తెలిసినాక కూడా పిలవకపోతే? అప్పుడు నాను ఎక్కడికి ఎల్తాను?" అంది.

ఊరంతా పిలిచినా ఆ ఒక్క గడప పిలవకపోతే ఆ పిల్లకి ఎందుకూ? "పద, నేనూ వస్తాను" అన్నాను. వెంకీ ఆటో తీసేడు. దారిపొడుగునా నేను ఉపాయాలు చెప్తూనే ఉన్నాను. వెంకీ "ఊఁ" కొడుతూనే ఉన్నాడు.

మేం వెళ్ళేసరికి సన్నగా తుంపర పడుతోంది. "రండి రండి టీసరమ్మా, తడిసిపోతన్నారు, కూకోండి" అని జగ్గమ్మ నన్ను చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నేను లోపల పీట మీద, వేడి వేడి టీ చేతిలో. తులసి బయట, చూరు కింద, గొడుగేసుకుని. నాకు టీ దిగుతుందా చెప్పండి?

ముందు నా ఉపాయం వాడేను. మహా తెలివిగా, "జగ్గమ్మా, పిల్ల వానలో ఉంది, లోపలికి రమ్మనవచ్చు కదా" అన్నాను.

"దాన్నెందుకు రమ్మంతాను? మీరు పెద్దోలు, మిమ్మల్ని రమ్మంతాను. దాన్ని రమ్మంటే ఏటనుకుంతాది పేట? జగ్గమ్మ కూతురికి ఆ ఇంటితో రుణం తెగిపోనాది, సుట్టపుసూపుకి వొచ్చినాది అనుకోరా?"

"పోనీ నేను పిలుస్తాను. తులసీ, రావే లోపలికి!"

తులసి కాలెత్తింది, దింపేసింది. నా ఇల్లు కాదు కదా, నా పిలుపు చెల్లదు. వెంకీ గుమ్మంలో నిలబడి, "నాను అల్లుణ్ణి, నాను పిలస్తాను, రాయే!" అన్నాడు. అల్లుడి పిలుపూ చెల్లలేదు. జగ్గమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"ఏటర్రా ఈ ఆట? నా ఇంటిమీద ఎవులు పడితే ఆలు పిలుపులేటి? ఏటే గుంటా, ఏటైనాది నీకు? నిజం సెప్పు."

ఇహ తులసి గొడుగు మడిచేసింది. గడప అవతల నిలబడి, వాన మీద పడుతుండగా, అంతా చెప్పింది. బస్సు, పెద్దాయన, మెడ, ఎండ, వెల్లుల్లి, నెత్తురు, గడప. ఒక్కటీ దాచలేదు. జగ్గమ్మ కత్తిపీట ముందు కూచుని చేప పొలుసు గీస్తూ వింది. చెయ్యి ఆగలేదు.

"దెయ్యానివయిపోనావేటి?" అంది చివరికి.

"దెయ్యం కాదమ్మా. సచ్చిపోనేదు నాను."

"ఎవులినైనా కరిసినావా?"

"నేదమ్మా."

"ఎవుల్నీ?"

తులసి నేల చూపులు చూసింది. వెంకీ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. జగ్గమ్మ కంటికి ఏది దాగుతుంది? "ఆ సెయ్యి ఇటు సూపించు" అంది. వెంకీ మణికట్టు మీద రెండు చిన్న చుక్కలు.

"ఒక్కపాలేనత్తా. పాపం ఆకలేసినాది. సీమ కుట్టినట్టే ఉంటాది" అన్నాడు వెంకీ, సిగ్గుపడిపోతూ.

జగ్గమ్మ పక్కున నవ్వింది. మేమందరం నవ్వేం. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు తులసి రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి అడిగింది. "పిలమ్మా. ఒక్కమాట. రా అను సాలు."

జగ్గమ్మ నవ్వు ఆగిపోయింది. చేపని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, "పిలవను" అంది.

తులసి మొహం, అబ్బ, ఎండిన ఇసకలా అయిపోయింది. "ఒక్కమాటే కదా జగ్గమ్మా" అన్నాను ఎలాగో.

"మాటే టీసరమ్మా. పెళ్ళీ మాటే, తెగతెంపులూ మాటే. ఇది ఈ ఇంట్లో పుట్టినాది. అదిగో, ఆ మూల. నాను దాన్ని రమ్మన్నానంటే, ఇది నీ ఇల్లు కాదు, నువ్వు పైదానివి, నాను దయతలిసి రానిత్తన్నాను అన్నట్టే. ఎవుడో బస్సులో కొరికినాడని నా కూతురు నాకు పైదయిపోద్దేటి? ఆ మాట నా నోటంట రాదు. సచ్చినా రాదు."

తులసి వెనక్కి తిరిగింది.

"ఏటెల్తావే? కూకో అక్కడ!" అని కేకేసింది జగ్గమ్మ. కేకేసి లోపలికి మాయమైపోయింది. లోపల గిన్నెల చప్పుడు. నేనూ వెంకీ మొహాలు చూసుకున్నాం. చూస్తూండగా చంకలో చాప, ఒక చేత్తో బొగ్గుల కుంపటి, రెండో చేత్తో డేగిసా పట్టుకుని ఆవిడ గడప దాటి బయటికొచ్చింది. చూరు కింద అరుగు మీద చాప పరిచింది. "ఆ గడప దాన్ని లోపలికి రానివ్వకపోతే ఇల్లే దాని కాడికి వస్తాది. కదులు, జరుగు" అంది. మళ్ళీ లోపలికి వెళ్ళి పళ్ళేలు తెచ్చింది, పీటలు తెచ్చింది, దీపం తెచ్చింది. మమ్మల్ని కూడా బయటికి గెంటేసింది.

అప్పటికే చేపల పులుసు కాసి ఉంది. మూత తీసి, వాసన చూసి, "ఓలమ్మ, ఎల్లుల్లి దంచి పడేసినాను" అని ఆ కుండకి కుండా పక్కింట్లో ఇచ్చేసి వచ్చింది. మళ్ళీ మొదలు. కుంపటి రాజేస్తూ కూతుర్ని ఒకటే అడగడం.

"కోనాం సేప తలకాయలో నెత్తురు బాగా ఉంటాది. అది పడతాదా నీకు?"

"తెలీదమ్మా."

"మేకదే బాగుంటాదా?"

"బాగుంటాది."

"మరి వొట్టి నెత్తురు తాగితే కడుపునొప్పి రాదేటి? ఉప్పేసుకుంతన్నావా?"

తులసికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేసేయి. జగ్గమ్మ తన తడి చేత్తోనే కూతురి నుదురు తుడిచి, వంకర బొట్టు చెరిపి, మధ్యలో మళ్ళీ పెట్టింది. "ఆ ఆటోవోడికి బొట్టెట్టడం కూడా రాదు" అంది. వెంకీ ఏమీ అనుకోలేదు. పులుసు కోసం ఎదురుచూస్తున్నాడు.

అప్పట్నించీ వారానికోసారి సందేళకి ఆ అరుగు మీదే వాళ్ళ ఇల్లు. నేనూ రెండుమూడు సార్లు వెళ్ళేను. టీవీని కిటికీ వేపు తిప్పి పెట్టింది జగ్గమ్మ. పేటలో వాళ్ళు, "ఏటి జగ్గమ్మా, ఇల్లు కారతన్నాదేటి?" అని అడిగితే, "గాలి కోసం" అంటుంది. సముద్రపు గాలి చాప లేపేస్తూంటే చాప మీద కూచునే చెప్తుంది ఆ మాట.

కానీ ఇప్పుడు తుపాన్ల రోజులు కదండీ. మొన్న ఒక్కసారిగా వాన ఏటవాలుగా కొట్టేసింది. చాప, కుంపటి, అన్నం, అన్నీ తడిసేయి. జగ్గమ్మ కంగారుగా సామాన్లు లోపలికి విసిరేస్తూ లోపలికి దూరింది. తులసి దూరలేదు. గోడకి అతుక్కుని నిలబడింది. లోపలున్న తల్లికి బయటున్న కూతురు తడుస్తూ కనబడుతోంది, నోరు తెరిస్తే సరిపోతుంది, నోరు రావడం లేదు. ఆవిడే చెప్పింది నాతో. "పెదవి దాకా వొచ్చినాది టీసరమ్మా. అనేస్తే ఇంక అది ఎప్పుడూ సుట్టమే అనిపించినాది" అని. మళ్ళీ బయటికొచ్చి, కూతురితోపాటు తడిసింది.

ఆ తడిసిన రాత్రే తులసి అందట, "అమ్మా, నీ పక్కలో ఒక్కపాలి తొంగోవాలని ఉన్నాది, ఆ మూల" అని. ఆ మాట పట్టుకుని జగ్గమ్మ ఆలోచించి ఆలోచించి నిన్న నా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"దొరికినాది టీసరమ్మా! వొచ్చే నెల మా గంగమ్మ పండగ. ఆ పండక్కి ఆడపడుసుని తోడబుట్టినోడు పిలవాల. అది పద్దతి. అమ్మ పిలిస్తే పైదాన్ని సేసినట్టు, తమ్ముడు పిలిస్తే నెత్తిన పెట్టుకున్నట్టు. మా అమ్మమ్మ నాటి నుంచీ ఉన్నాది. ఆడు పిలిస్తే దాని పరువు తగ్గదు, పెరగతాది!"

ఎంత తెలివండీ! నాకు తోచిందా? తులసికి తమ్ముడు గంగులు ఉన్నాడు. వాడూ ఆ ఇంటివాడే, పిలుపు చెల్లాలి. చిక్కల్లా వాడు గుజరాత్‌లో ఉన్నాడు. వేరావల్లో బోటు మీద పనికి వెళ్ళేడు మన పేట కుర్రాళ్ళందరితో. వేసంగి దాకా రాడు. పండక్కి బోటు ఓనరు వదలడు.

"ఫోన్లో పిలిస్తేనో?" అన్నాడు ఆవిడని ఆటోలో తెచ్చిన వెంకీ. నెల్లిమర్ల పెద్దాయన్ని అడిగేం. "ఏమోనమ్మా, మా రోజుల్లో ఫోన్లు లేవు. చెల్లితే నాకూ చెప్పండి, నాకూ ఒక అన్నగారున్నారు" అన్నాడు, పాపం.

అయితే గంగులికి వాళ్ళక్క సంగతి ఇంకా తెలీదు. అక్కని అప్ప అంటాడు వాడు. మా స్కూల్లో వాడికి దెయ్యం కథ చెప్తే బెంచీ కింద దూరేవాడు. తులసి తను చెప్పనంటోంది, వాడి గొంతులో భయం వినలేనంటోంది. జగ్గమ్మ చెప్తే తిట్లతో మొదలుపెడుతుంది, సగం విని పెట్టేస్తాడు. వెంకీ సంగతి సరేసరి, మణికట్టు దగ్గర మొదలుపెడతాడు.

అంచేత నేనే చేస్తాను. బోటు రేపు సాయంత్రానికి ఒడ్డుకి వస్తుందని వాళ్ళ జట్టువాడు చెప్పేడు. నేను జగ్గమ్మ ఇంట్లో పీట మీద కూచుంటాను, తులసి గడప అవతల, స్పీకరు పెట్టేసి. ముందు భోంచేసేవా నాయనా అని అడుగుతాను. తరవాత మీ అప్ప బాగుంది, కాస్త మారింది, అయినా నీ అప్పే అంటాను. భయపడితే పడనిస్తాను. అది పోయేదాకా ఫోన్ పెట్టను. పోయేక అడుగుతాను, "పండగ వస్తోంది గంగులూ, మీ అప్పని ఇంటికి పిలుస్తావా?" అని.